తప్పు చార్జరుది కాదు

ఒకే వేసవిలో జగ్గయ్యపేట స్టాండులోని బ్యాటరీ ఆటోలు ఒకదాని వెనక ఒకటి మూలనబడ్డాయి. సీటు కింద పెట్టెలు ఉబ్బి మూతలు పైకి లేచాయి. పొద్దున్నే నిండా చార్జి పెట్టుకుని చిల్లకల్లు దాకా వెళ్ళిన బండి తిరిగొచ్చేటప్పుడు నడిదారిలో ప్రాణం విడిచేది. రోళ్ళు పగిలే ఎండలో డ్రైవర్లు బళ్ళు తోసుకుంటూ ఊళ్ళోకి వచ్చేవాళ్ళు. బ్యాటరీలు చేసిన కంపెనీ మాత్రం తప్పంతా డ్రైవర్లదేనని, వాళ్ళకి చార్జింగు పెట్టుకోవడం చేతకాలేదని తేల్చేసింది. పైగా ఆ మాట వాళ్ళ ముఖాన చెప్పి రమ్మని వాళ్ళింటి ఆడపిల్లనే పంపింది.

ఆవిడ పేరు కృపాజ్యోతి. ఇంట్లో జ్యోతి అంటారు. పేటలో పుట్టింది. తండ్రి ప్రేమానందం సిమెంటు ఫ్యాక్టరీ సున్నపురాయి క్వారీలో డ్రిల్లింగు మిషను మీద పనిచేసేవాడు. తల్లి ఆరోగ్యమ్మ మిరప కోతలకీ పత్తి ఏరడానికీ వెళ్ళేది. ప్రేమానందం ఊపిరితిత్తులు రాతి దుమ్ముతో పాడైపోయి దగ్గుతూ దగ్గుతూ చనిపోయాడు. క్వారీ డాక్టరు ఆయన్ని చూసి, "బీడీలు బాగా తాగుంటాడు" అన్నాడు. ప్రేమానందం జన్మలో బీడీ ముట్టినవాడు కాదు. ఆదివారం ఏసయ్య గుళ్ళో అందరికంటే గట్టిగా పాట ఎత్తుకునేది ఆయనే. అప్పుడు జ్యోతి ఇంటర్ చదువుతోంది. డాక్టరు ఆ మాట అంటుంటే తల్లి తలొంచుకుని నిలబడిందే తప్ప కాదండీ అనలేదు. ఆ పిల్ల కూడా అనలేదు. ఆ మాట మాత్రం ఆవిడ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

జ్యోతి కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది. నందిగామలో ఒక ప్రైవేటు కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పింది. తర్వాత హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో లిథియం బ్యాటరీల మీద పనిచేసింది. చెయ్యి తిరిగింది, మంచి పేరొచ్చింది. ఇంతలో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలు నడిపే బసవయ్య గారు నందిగామకీ పేటకీ మధ్య హైవే పక్కన బ్యాటరీ సెల్స్ ఫ్యాక్టరీ పెట్టారు. దానికి మున్నేరు పవర్ సెల్స్ అని పేరు పెట్టారు. మనవాళ్ళ చేత, మన గడ్డ మీద తయారయ్యే సెల్ అని ఆయన చెబితే జ్యోతి నమ్మింది. జీతం కాస్త తగ్గినా ఫర్వాలేదనుకుని వచ్చి ల్యాబులో చేరింది. ఫ్యాక్టరీని చూసుకునేది బసవయ్య గారి అల్లుడు వెంకట్.

ఆ సెల్స్‌కి ఒక ప్రత్యేకత ఉంది. మామూలు సెల్ కంటే ఎక్కువ వోల్టేజి దాకా చార్జి ఎక్కుతాయి. వోల్టేజి ఎక్కువైతే అదే బరువున్న బ్యాటరీతో బండి ఇంకా దూరం వెళ్తుంది. అందుకే ఆటో కంపెనీలు ఎగబడ్డాయి. కానీ వోల్టేజి పెంచడమంటే పొయ్యి మీద మంట పెంచడం లాంటిది. గిన్నెలో ఉన్నదేదీ మునుపటిలా ఊరుకోదు.

సెల్ లోపల పాజిటివ్ వైపు రేకు మీద పూసే పొడి కరెంటును సరిగా మొయ్యలేదు. అందుకని దాన్లో కాస్త కార్బన్ కలుపుతారు. చూడ్డానికి దీపం మసిలా ఉంటుంది. పొడి రేణువుకీ రేణువుకీ మధ్య కరెంటుకి దారి వేసేది ఆ మసే. అది తక్కువైతే దారి తెగుతుంది. ఎక్కువైనా, మరీ మెత్తనిదైనా ఇంకో ప్రమాదం. సెల్ లోపల ఉండే ద్రవం ఎక్కువ వోల్టేజి దగ్గర కార్బన్‌ని తాకిన చోటల్లా విరిగిపోవడం మొదలుపెడుతుంది. కార్బన్ ఎంత మెత్తగా ఉంటే దాని ఒళ్ళు అంత విశాలం. ఎంత విశాలమైతే ద్రవం అంత ఎక్కువగా విరుగుతుంది. గ్యాసు పుడుతుంది, సెల్ ఉబ్బుతుంది, ప్రతి చార్జికీ బలం కొంచెం కొంచెంగా కారిపోతుంది. ఎండాకాలం వేడి తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

ఇదంతా తెలిసే జ్యోతి కాస్త బరకగా ఉండే కార్బన్ ఎంచుకుంది. గాలి తగలకుండా దాన్ని బాగా కాల్పించి, పైన పట్టుకుని ఉన్న ఆక్సిజన్‌ని వదిలించింది. ఎంత కలపాలన్నది తేలడానికి ఒక వానాకాలం, ఒక చలికాలం పట్టింది. చివరికి ఆవిడా, ఆవిడ కింద పనిచేసే ఆమనీ కలిసి ఆ సెల్స్‌ని వేడిగదిలో పెట్టి, మన రోహిణి కార్తెకి ఏమాత్రం తీసిపోని వేడిలో తిప్పి తిప్పి చూస్తే, అవి నిలబడ్డాయి. ఆ రోజు ఇద్దరూ గరికపాడు ధాబాకి వెళ్ళి పండగలా భోంచేశారు.

ఆ సంతోషం నాలుగు కాలాలు నిలవలేదు. వెంకట్ ఏదో ఎగ్జిబిషన్‌కి వెళ్ళి కొత్త రకం కార్బన్ సంచితో తిరిగొచ్చాడు. గుప్పిట్లో పోసుకుంటే బరువే తెలియనంత మెత్తనిది. దాంతో చేసిన సెల్స్ మొదటి రోజున అద్భుతంగా పనిచేశాయి. చార్జి గబగబా ఎక్కింది, బండి బాణంలా లాగింది. ఆటో కంపెనీవాళ్ళు ఏసీ గదిలో కొద్ది రోజులు పరీక్ష చేసి శభాష్ అన్నారు.

జ్యోతి మాత్రం అవే సెల్స్‌ని వేడిగదిలో పెట్టింది. అప్పడాల్లా ఉబ్బాయి. ఆవిడ వాటిని ట్రేలో పెట్టుకుని నేరుగా మీటింగుకి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది.

"వెంకట్ గారూ, ఈ కార్బన్ మన వోల్టేజికి పనికిరాదండీ. మామూలు సెల్‌కి బంగారంలా ఉంటుంది. ఇక్కడ మాత్రం లోపలి ద్రవాన్ని తినేస్తుంది. వేసవి దాటదు."

వెంకట్ ఆ ట్రే వైపు చూడనైనా లేదు.

"మొదటి టెస్టు అద్దిరిపోయిందని అక్కడ చప్పట్లు కొడుతుంటే, మీరు ఇక్కడ వంకలు పట్టుకొచ్చారేంటండీ?"

"పరీక్షకి మొదటి రోజు చాలు. బండికి చాలదు కదండీ."

"ఆర్డరు పోగొట్టుకోమంటారా? ఒక విడత పంపేద్దాం. తర్వాత మార్చుకుందాం."

ఆ "తర్వాత" ఎవరి బండిలో, ఎవరి బతుకులో వస్తుందో ఆయన చెప్పలేదు. జ్యోతి ఊరుకోలేదు. ప్రతి మీటింగులో అదే మాట ఎత్తింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, నెల తిరక్కుండానే ఆవిడని ల్యాబు నుంచి తీసేసి కస్టమర్ ట్రైనింగ్‌లో వేశారు. బ్యాటరీ కొన్నవాళ్ళకి చార్జింగు ఎలా పెట్టాలో చెప్పే పని అది. సెల్ పుట్టుక తెలిసిన మనిషిని తీసుకెళ్ళి ప్లగ్గు పెట్టడం నేర్పమన్నారు. ఆవిడ వేడిగది తాళంచెవి ఆమని చేతిలో పెట్టి బయటికొచ్చింది. ఆమని కళ్ళెత్తి చూడలేకపోయింది.

వేసవి రానే వచ్చింది.

జ్యోతి అక్క పరిమళ మొగుడు డేవిడ్‌రాజు బ్యాటరీ ఆటో తోలుతాడు. నెమ్మదస్తుడు. బండిని కన్నబిడ్డలా చూసుకునే మనిషి. ఒక సాయంత్రం ఆయన ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. ఆరోగ్యమ్మ మంచినీళ్ళిచ్చి, "ఏమయింది అల్లుడుగారూ?" అంటే చెప్పాడు.

"బ్యాటరీ ఉబ్బింది అత్తమ్మా. గరికపాడు చెక్‌పోస్టు కాడ ఆగిపోయింది. ఇద్దరు గర్భిణులు, ఒక ముసలామె బండిలో ఉన్నారు. ఎండలో వాళ్ళని దించి లారీవాళ్ళని బతిమాలి ఎక్కించా." జ్యోతి వైపు తిరిగాడు. "మీ కంపెనీకి తీసుకెళ్తే అక్కడ కుర్రాడు అందరి ముందూ ఏమన్నాడో తెలుసా జ్యోతీ? 'రాత్రంతా చార్జింగులో వదిలేసి తాగి పడుకుంటారు, పొద్దున బ్యాటరీ మీద పడి ఏడుస్తారు' అన్నాడు. నేను తాగుతానా?"

"లేదు బావా."

"మరి ఎందుకన్నాడు?"

జ్యోతి దగ్గర సమాధానం ఉంది. అది రసాయనశాస్త్రంలో ఉన్న సమాధానం కాదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే క్వారీ డాక్టరు మాట గుర్తొచ్చింది. బీడీ ముట్టని మనిషిని బీడీలు తాగావన్నారు, చుక్క ముట్టని మనిషిని తాగి పడుకున్నావంటున్నారు. వాళ్ళ దుమ్ముకీ వాళ్ళ మసికీ మా ఇంటి మగవాళ్ళు ఎప్పుడూ జవాబుదారీలేనా అని ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆవిడ వెంకట్ గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఫోనులో ఉన్నాడు. కూర్చోమని సైగ చేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"సార్, ఉబ్బినవన్నీ ఆ మెత్తటి కార్బన్ సెల్సే. పాత విడతలో ఒక్కటి కూడా రాలేదు. డ్రైవర్లని తిట్టడం ఆపించండి."

వెంకట్ చాలా మర్యాదగా నవ్వాడు. "నేను మీకే కబురు పెడదామనుకుంటున్నా. ఆదివారం నందిగామలో ఫంక్షన్ హాలు తీసుకున్నాం. పేట డ్రైవర్లూ అక్కడి డ్రైవర్లూ వస్తారు. చార్జింగులో వాళ్ళు చేస్తున్న తప్పులేంటో మీరు చెప్పాలి. స్లైడ్లు తయారుగా ఉన్నాయి."

"వాళ్ళు ఏ తప్పూ చెయ్యలేదండీ."

"ఇంజనీర్లు చెప్తే గొడవకొస్తున్నారు. మీరైతే వింటారు. మీవాళ్ళే కదా."

"మావాళ్ళంటే?"

వెంకట్ నవ్వు కాస్త తగ్గింది. "అంటే... మీ బావగారు కూడా డ్రైవరే కదా. ఆ ఉద్దేశంతో అన్నా."

"హాలుకొచ్చేవాళ్ళలో మీ ఊరివాళ్ళున్నారు, మీ చుట్టాల పొలాల్లో కౌలు చేసినవాళ్ళున్నారు. సాయిబులున్నారు. అందరూ మావాళ్ళేనా సార్? బ్యాటరీ ఉబ్బితే మావాళ్ళా, బండి కొన్న రోజు మీవాళ్ళా?"

అప్పటిదాకా గారూ, మీరూ అన్న మనిషి ఒక్కసారిగా దిగిపోయాడు. "చూడు జ్యోతీ, ఉద్యోగం కావాలంటే ఆదివారం చెప్పు. వద్దంటే సోమవారం రాకు."

ఆవిడ గదిలోంచి బయటికొచ్చింది. ఆదివారం గుడికి వెళ్ళి, అక్కణ్ణుంచి బస్సెక్కి నందిగామలో దిగింది.

హాలు కిక్కిరిసిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయే గానీ గాలి లేదు. ముందు వరసలో పత్రికలవాళ్ళు, కంపెనీ మనుషులు. వెనక డ్రైవర్లు, చేతుల్లో తువ్వాళ్ళు, ముఖాల్లో విసుగు. పక్కగా రోజారమణి అనే ఆవిడ నిలబడి ఉంది. నందిగామలో కాలేజీల వైపు ఆటో తోలుతుంది. మాట కరుకు. వెంకట్ స్వాగతం చెబుతూ "అవగాహన లోపం" అనగానే ఆవిడ అందుకుంది.

"ఏం అవగాహనండీ? చార్జరు మీరిచ్చిందే, తీగ మీరిచ్చిందే. పచ్చలైటు వెలిగితే తీసెయ్యమన్నారు, తీసేసా. ఇంకేం తెలుసుకోవాలి?"

"అదే అమ్మా, ఆ వివరాలన్నీ కృపాజ్యోతి గారు చెబుతారు," అని వెంకట్ మైకు అందించాడు.

గోడ మీద మొదటి స్లైడు పడింది. ఒక డ్రైవరు బొమ్మ, నోరు తెరిచి నిద్రపోతున్నాడు, పక్కన చార్జరు మండిపోతోంది. కంపెనీ మనుషుల్లో ఎవరో చిన్నగా నవ్వారు. ఆ బొమ్మ చూసేదాకా జ్యోతికి ఏం మాట్లాడాలో తెలియదు. నెమ్మదిగా చెబుదామా, సగం చెబుదామా అని దారంతా తర్జనభర్జన పడింది. బొమ్మ చూశాక ఆ సందేహం ఎగిరిపోయింది.

"దాన్ని ఆపేయండి," అంది.

స్లైడు అలాగే ఉంది. ఆవిడ వెళ్ళి ప్రొజెక్టరు మీద తన చున్నీ కప్పింది. గోడ నల్లబడింది.

"మీలో ఎవరింట్లో వంట చేస్తారు?" అని అడిగింది. నవ్వులు, గోల. రోజారమణి చెయ్యెత్తింది. "అక్కా, నూనె కాగాక ఎండుమిరపకాయ వేస్తే ఏమవుద్ది?"

"వేగుద్ది."

"అదే నూనెలో కారంపొడి వేస్తే?"

"వేసీ వెయ్యకముందే మాడిపోద్ది. ఇల్లంతా కోరు, ఒకటే దగ్గు."

"రెండూ మిరపకాయే కదా. ఎందుకలా?"

రోజారమణి ఒక్క క్షణం ఆలోచించింది. "పొడి అయితే నూనె అన్ని వైపులా తగుల్తది గదా."

"అంతే. మీ బ్యాటరీలో ఒక నల్లటి పొడి ఉంటుంది. కార్బన్. అది లేకపోతే కరెంటు కదలదు, ఉండాల్సిందే. మామూలు బ్యాటరీ అంటే గోరువెచ్చటి నూనె. మీది ఎక్కువ వోల్టేజి బ్యాటరీ, అంటే బాగా కాగిన నూనె. కాగిన నూనెలో కాయ వెయ్యాలి. వీళ్ళు కారం వేసారు. మొదటి రోజు ఘాటుగా, బ్రహ్మాండంగా ఉంది. లోపల మాత్రం మాడటం అప్పుడే మొదలైంది. ఆ మాడిన గ్యాసే మీ బ్యాటరీల్ని ఉబ్బించింది. మీరు రాత్రి చార్జి పెట్టినా పగలు పెట్టినా అది ఉబ్బేదే. మీ తప్పు ఇందులో ఆవగింజంత లేదు."

మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో చూడాల్సిన పని లేదు. ఆవిడ కాలేజీలో వెనక బెంచీలకి వినపడేలా చెప్పిన మనిషి. గొంతు పెంచి పూర్తి చేసింది. ఏ విడత సెల్స్ మంచివో, ఏవి కావో చెప్పింది. ఉబ్బినవాటిని ఎవరూ గుచ్చొద్దని, ఇంట్లో పెట్టుకోవద్దని, పిల్లలకి దూరంగా, ఆరుబయట నీడన పెట్టమని మరీ మరీ చెప్పింది. వెంకట్ వేదిక మీదికొచ్చి, "ఈవిడ మతిస్థిమితం..." అనబోతే వెనక నుంచి లేచిన కేకల్లో ఆ మాట కొట్టుకుపోయింది.

కేకలన్నీ ఆవిడ పక్షానివేం కావు. రోజారమణి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి వేదిక కింద నిలబడింది.

"ఇది నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"వేసవికి ముందే తెలుసక్కా. లోపల గట్టిగా చెప్పా. నన్ను ల్యాబులోంచి తీసేసారు."

"లోపల చెప్పావ్. మాకు చెప్పాల్సింది."

తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా, ఆ రోజు హాల్లో విన్న మాటలన్నిటిలో నిజమైన మాట అదొక్కటేనని జ్యోతికి అనిపించేది.

సోమవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆవిడ్ని ఆపేశారు. కంపెనీ రహస్యాలు బయటపెట్టిందట. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, కారం వేసినవాడు కుర్చీలో ఉన్నాడు, మాడిందన్న మనిషి రోడ్డు మీద ఉంది. బ్యాగులో ఉన్న టిఫిన్ డబ్బా కూడా విప్పి చూశారు.

ఆ వారంలోనే బసవయ్య గారు స్వయంగా ఇంటికొచ్చారు. కారు వీధి మొదట్లో ఆగింది. ఆరోగ్యమ్మ గబగబా కుర్చీ తుడిచి అరుగు మీద వేసింది. ఆయన కుర్చీలో కూర్చోలేదు. మంచినీళ్ళు తెస్తే, "ఇప్పుడే తాగా" అన్నారు. ఇంటి ముందు ఎండలో నిలబడే మాట్లాడారు. ఎండైనా భరించారు గానీ గడప ఎక్కలేదు.

"అమ్మాయ్, నీ మీద నాకు కోపం లేదు. మావాడు తొందరపడ్డాడు. కానీ ఫ్యాక్టరీ మూతబడితే మన చుట్టుపక్కల పిల్లలే కదమ్మా రోడ్డున పడేది? ఆ ఆమని వాళ్ళ నాన్నకి ఆ పిల్ల జీతమే ఆధారం. ఆలోచించావా?"

ఆలోచించింది. ఆయన అడగక ముందే, నిద్ర పట్టకుండా ఆలోచించింది. అందుకే ఇంకా మంట. తప్పు చేసేటప్పుడు గుర్తురాని పిల్లలు తప్పు బయటపడ్డాక గుర్తొచ్చారు.

"ఫ్యాక్టరీ మూయమని నేననలేదండీ. పాత కార్బన్ వేస్తే నడుస్తుంది. డ్రైవర్ల తప్పు కాదని ఒక్క మాట మీరు బయటికి చెప్పండి. నేను ఉద్యోగం కూడా అడగను."

"ఆ మాట చెప్తే కంపెనీ పరువుంటదా అమ్మా?"

"బసవయ్య గారూ, మీ కోల్డ్ స్టోరేజీలో కరెంటు పోయి మిర్చి బూజు పట్టిందనుకోండి. రైతుని పిలిచి, నీకు మిరప పండించడం రాదంటారా?"

ఆయన ముఖం ఎర్రబడింది. "రైతుతో అట్టా ఎట్టా అంటాం?" అని తటాలున అన్నారు. అన్నాక తను ఏమన్నారో ఆయనకే తెలిసింది. వెనక్కి తిరిగి నడిచారు. అరుగు మీద కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. ఆరోగ్యమ్మ ఆ మంచినీళ్ళు చెట్టుకి పోసి, "ఆ డాక్టరుతో ఆ రోజు నేనూ ఇట్టా అనాల్సింది" అంది. తల్లి నోటి వెంట జ్యోతి ఆ సంగతి వినడం అదే మొదలు.

డ్రైవర్లు విజయవాడ వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశారు. రోజారమణి ముందుండి నడిపింది. జ్యోతి మీద కోపం పోయిందని ఆవిడ ఎప్పుడూ అనలేదు. మాట్లాడుకోవలసి వచ్చినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని టీ తెప్పించేది, అంతే. ఉబ్బిన సెల్స్‌ని ప్రభుత్వ ల్యాబుకి పంపించారు. అక్కడ వాటిని జాగ్రత్తగా తెరిచి చూశారు. జ్యోతి ఏం చెప్పిందో అదే వాళ్ళూ చెప్పారు. కంపెనీ లాయరు ఒప్పుకోలేదు. ఆ కార్బన్ వల్ల ఏమవుతుందో ముందుగా తెలిసే అవకాశమే లేదన్నాడు. అప్పుడు ఆమనిని పిలిపించారు. ఆ పిల్ల లేచి నిలబడి, "వేడిగదిలో పెట్టి చూసామండీ. నేనూ ఉన్నా. ఉబ్బినయ్. సార్‌కి చూపించాం" అంది. ఆ తర్వాత ఆమని ఉద్యోగమూ పోయింది. ఆ సంగతి తెలిసి జ్యోతి బస్టాండులో కూర్చుని ఏడ్చింది. తన ఉద్యోగం పోయినప్పుడు ఏడవలేదు.

బ్యాటరీలన్నీ మార్చివ్వమని కమిషన్ తీర్పు చెప్పింది. మర్నాడు పత్రికల్లో కంపెనీ ప్రకటన వచ్చింది. డ్రైవర్ల అవగాహన లోపం వల్ల బ్యాటరీలు దెబ్బతిన్నప్పటికీ, వారి కష్టాన్ని అర్థం చేసుకుని, సంస్థ పెద్ద మనసుతో ఉచితంగా కొత్తవి అందజేస్తోందట. జ్యోతి ఆ ముక్క చదివి కాలేజీ స్టాఫ్‌రూంలో పేపరు నేలకేసి కొట్టింది. అప్పటికి ఆవిడ నందిగామలో తను పూర్వం పనిచేసిన కాలేజీలోనే మళ్ళీ చేరింది.

కొత్త బ్యాటరీల్లో ఉన్నది జ్యోతి ఎంచిన బరక కార్బనే. ఆవిడ కాల్పించిన పద్ధతే, ఆవిడ తేల్చిన పాళ్ళే. కంపెనీ దానికి "ఎండను జయించిన సెల్" అని పేరు పెట్టి, వెంకట్ ఫొటోతో హైవే మీద బోర్డు కట్టింది. ఆవిడ రోజూ ఆ బోర్డు కిందనుంచే బస్సులో కాలేజీకి వెళ్ళాలి.

ఆ వెంకటే ఒకరోజు ఫోన్ చేశాడు. కాల్చిన కార్బన్ ఒక విడత సరిగా కుదరడం లేదట. మళ్ళీ గారూ, మీరూ అన్నీ తిరిగొచ్చాయి.

"కృపాజ్యోతి గారూ, జరిగిందేదో జరిగింది. మీరు సలహాదారుగా వస్తే బాగుంటుంది."

"వస్తానండీ. ముందు పేట ఆటోస్టాండుకి వచ్చి, తప్పు మాది, మీది కాదు అని డ్రైవర్లకి చెప్పండి. తాగి పడుకున్నారన్న ఆ కుర్రాడి చేత మా బావకి క్షమాపణ చెప్పించండి. ఆమనిని పనిలోకి తీసుకోండి. మర్నాడే వస్తా."

"ఆమని సంగతి చూడొచ్చు. మిగతావి... ప్రాక్టికల్‌గా ఆలోచించండి."

"నేను ఆలోచించేదంతా ప్రాక్టికలే సార్. కార్బన్ కాల్చేముందు తేమ పోయేదాకా ఆరబెట్టారా? లేదా? ఆరబెట్టండి. బళ్ళు ఆగకూడదు కాబట్టి చెప్తున్నా, మీ కోసం కాదు." అని ఫోన్ పెట్టేసింది. అంత కోపంలోనూ ఆ ఒక్క ముక్కా చెప్పకుండా ఉండలేకపోయింది. ఎందుకు చెప్పావని పరిమళ తర్వాత తిట్టింది కూడా. ఆమనిని పిలిచి పని మాత్రం ఇచ్చారు. మిగతా రెండూ ఇవాళ్టికీ జరగలేదు.

నందిగామ డ్రైవర్లకి బ్యాటరీలు ఇచ్చిన రోజు కంపెనీ షామియానా వేసి, లడ్డూలు పంచి, ఒక్కొక్కరినీ బ్యాటరీ పట్టుకుని నవ్వమని ఫొటోలు తీసింది. రోజారమణి బ్యాటరీ తీసుకుంది, లడ్డూ తీసుకుంది, ఫొటోకి మాత్రం నిలబడలేదు. ఆ సాయంత్రం కాలేజీ వదిలాక జ్యోతి బస్టాండుకి వెళ్దామని ఆవిడ ఆటో ఎక్కబోతే, రోజారమణి సీటు పైకెత్తి లోపలికి వంగి ఏదో గీకుతోంది. చూస్తే, కొత్త బ్యాటరీ మీద ఎర్రటి స్టిక్కరు. దాని మీద "చార్జింగులో నిర్లక్ష్యం వద్దు" అని రాసి ఉంది. తాళంచెవితో ఒక మూల లేపింది గానీ అది గట్టిగా పట్టుకుని ఉంది, ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"గోరు పెట్టక్కా, వస్తుంది," అని జ్యోతి తనూ వంగింది.

ఇద్దరూ కలిసి "నిర్లక్ష్యం" దాకా ఊడబెరికేసరికి వెనక సీటు కోసం కాచుకున్న ఆడపిల్లలు, "ఆంటీ, బస్సు పోద్ది" అని గోల పెట్టారు. రోజారమణి సీటు దించి, గోళ్ళలో ఇరుక్కున్న ఎర్రటి కాగితం దులుపుకుని, బండి తీసింది.